పాలు కక్కే పసిపాపకు ఏ స్లింగ్ మంచిది?

ప్రశ్న: మా పాపకు ఐదు వారాలు. తొలి కాన్పు. ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 3.6 కిలోలు. పాలు తాగిన ప్రతిసారీ కొంచెం కక్కుతుంది. పడుకోబెడితే మెలికలు తిరిగి ఏడుస్తుంది, భుజాన వేసుకుంటే ఊరుకుంటుంది. డాక్టరుగారు రిఫ్లక్స్ అన్నారు, మందు అక్కర్లేదన్నారు. రోజంతా ఎత్తుకుని చేతులు పడిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో బకిల్ క్యారియర్ (పట్టీలు, బకిళ్లతో ఒంటికి తగిలించుకునే బిడ్డ సంచి) తెప్పించాం గానీ అందులో పాప కాళ్లు కిందికి వేలాడుతున్నాయి, తల ముందుకు వాలిపోతోంది. మా అత్తమ్మేమో పాత చీర భుజానికి కట్టుకుని అందులో పడుకోబెట్టుకోమంటోంది. ఈ ఎండల్లో ఏది మంచిది? తుంటికి ఇబ్బంది రాకుండా ఏం చూసుకోవాలి? మూడో నెలలో కొండకు తీసుకెళ్లాలని మొక్కు కూడా ఉంది.
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: స్లింగ్, అంటే బిడ్డను ఒంటికి కట్టుకునే బట్ట, కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ పాప ఆడపిల్ల, తొలిచూలు, పైగా ఎదురుకాళ్ల బిడ్డ. తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోవడం ఎక్కువగా ఇలాంటి పిల్లల్లోనే చూస్తాం. మూడింటిలో ఎదురుకాళ్లదే పెద్ద కారణం. ఆపరేషన్‌తో పుట్టినంత మాత్రాన ఆ ముప్పు తప్పినట్టు కాదు. కడుపులో చివరి నెలల్లో కాళ్లు ఎలా ముడుచుకుని ఉన్నాయన్నదే లెక్క. డాక్టరు చేత్తో కాళ్లు తిప్పి చూసి బాగున్నాయన్నా సరే, ఆరో వారంలో తుంటికి అల్ట్రాసౌండ్ తీయించమని అడగండి. ఈ వయసులో ఎక్స్‌రే పెద్దగా పనికిరాదు. తొడ ఎముక తల ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది కాబట్టి ఫిల్మ్ మీద కనిపించదు. నాలుగు నెలలు దాటాక ఎక్స్‌రే మాట. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లు, ఎముకలకు బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు దగ్గర. తేడా ఇప్పుడే బయటపడితే మెత్తటి పట్టీల హార్నెస్‌తో చాలావరకు సరిపోతుంది. నడక వచ్చేదాకా ఆగితే ఆపరేషన్ దాకా పోవచ్చు. ఒకవేళ హార్నెస్ వేస్తే, దాని మీద స్లింగ్ వాడొచ్చా లేదా అన్నది ఆ డాక్టరే చెప్పాలి.

ఇక రిఫ్లక్స్. అన్నవాహికకూ కడుపుకీ మధ్య ఉన్న బిగింపు ఈ వయసులో ఇంకా వదులుగానే ఉంటుంది. తాగేదంతా పాలే, పడుకునేదంతా వెల్లకిలే, కడుపేమో చిన్నది. అందుకే పాలు వెనక్కి వస్తాయి. ఇది నాలుగో నెల దాకా పెరిగి, కూర్చోవడం మొదలుపెట్టాక తగ్గుతూ, ఏడాది నిండేసరికి చాలామందిలో పోతుంది. మీ పాప ఐదు వారాల్లో 700 గ్రాములు పెరిగింది. పుట్టిన మొదటి వారంలో కొంత బరువు తగ్గి, పది పదిహేను రోజులకు మళ్లీ పుట్టిన బరువుకు వస్తారు. అక్కడినుంచి లెక్కేస్తే రోజుకు దాదాపు 30 గ్రాములు. బాగా పెరుగుతోందనే అర్థం. ఎంత కక్కుతోందో కంటితో అంచనా వేయలేం. కావాలంటే ఒక టీస్పూను నీళ్లు, అంటే 5 మిల్లీలీటర్లు, పొత్తిగుడ్డ మీద పోసి చూడండి. తాగిందంతా కక్కేసిందని మనం కంగారుపడే మరక చాలాసార్లు అంతే ఉంటుంది.

కానీ ఐదో వారం కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కారిపోయినట్టు, పెరుగులాగా రావడం వేరు, దూరంగా ఎగజిమ్మడం వేరు. ప్రతి పాలకూ ఎగజిమ్మి కక్కి, వెంటనే మళ్లీ ఆకలితో పాలకు ఎగబడుతూ, తడి గుడ్డలు తగ్గుతుంటే అది కడుపు కిందిద్వారం కండరం మందమై దారి మూసుకుపోవడం కావచ్చు. మూడు నుంచి ఆరు వారాల మధ్యే ఎక్కువగా బయటపడుతుంది. మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల్లోనూ రావచ్చు. దానికి స్లింగూ పనికిరాదు, మందూ పనికిరాదు, చిన్న ఆపరేషనే దారి. కక్కినది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, పాలు ముట్టకపోయినా, రోజుకు ఆరు తడి గుడ్డలు కూడా రాకపోయినా, ఊపిరి ఆగినట్టయినా, పెదాలు నీలంగా మారినా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉన్నా (థర్మామీటరులో 100.4) రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల లోపు పిల్లలకు జ్వరం ఎప్పుడూ చిన్న విషయం కాదు. గ్రైప్‌వాటర్, వస, ఓమనీళ్లు ఈ కక్కుడుకు మందులు కావు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు.

ఇవేవీ లేవనుకుందాం. స్లింగ్ రిఫ్లక్స్‌ను నయం చేయదు. బిడ్డను నిలువుగా ఉంచే పనిలో మీ చేతులకు సాయం, అంతే. అయితే రిఫ్లక్స్‌కు మంచిదైన భంగిమా తుంటికి మంచిదైన భంగిమా ఒకటే కావడం మీ అదృష్టం: నిలువుగా, మీ ఛాతీకి పొట్ట ఆనించి, పిర్రలకన్నా మోకాళ్లు కొంచెం పైకి, తొడలు రెండు పక్కలకీ విచ్చుకుని, కప్ప కూర్చున్నట్టు. తొడలు పూర్తిగా ఆనాలి, ఒక మోకాలి మడత నుంచి ఇంకో మోకాలి మడత దాకా బట్ట రావాలి. తొడ ఎముక గుండ్రటి తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చునేది ఈ కూర్పులోనే. కాళ్లు తిన్నగా కిందికి వేలాడితే తొడ బరువు ఆ తలను గిన్నెలోంచి బయటికి లాగుతుంది. తుంటి బాగున్న బిడ్డకు కొద్దిసేపు అలా ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. కానీ మీ పాప తుంటి ఎలా ఉందో ఇంకా తెలీదు కదా.

పొట్ట సంగతి చూద్దాం. బిడ్డ కుంగిపోయి నడుము దగ్గర రెండుగా మడిచినట్టయితే పొట్ట నలిగి పాలు పైకి తన్నుతాయి. అదే కుంగుడు వల్ల గడ్డం రొమ్ముకు ఆని గాలిగొట్టం కూడా మడతపడుతుంది. ఈ రెండోది ప్రాణాంతకం. 2010లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం స్లింగ్‌ల గురించి హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో స్లింగ్‌ల వల్ల కనీసం 14 మంది పిల్లలు చనిపోయారని, అందులో 12 మంది నాలుగు నెలల లోపువాళ్లేనని చెప్పింది. సంచిలాగా వేలాడుతూ బిడ్డ అడుగున ముడుచుకుని పడుకునే రకం స్లింగ్‌ల మీదే పెద్ద భయం. పసిబిడ్డకు మెడ నిలవదు, ముక్కు బట్టకు నొక్కుకుంటే తల తిప్పుకోలేదు, ఏడవనైనా ఏడవదు.

అందుకే మీ అత్తమ్మ మాటకు జవాబు ఇదీ. పాత నూలుచీరలో తప్పు లేదు, అంత మెత్తటి బట్ట ఇంకోటి దొరకదు. పడుకోబెట్టుకోవడంలో తప్పుంది, ముడిలో తప్పుంది. చీర జోలెలో బిడ్డ అడ్డంగా ముడుచుకుంటుంది. గడ్డం ఛాతీకి ఆనుతుంది, పొట్ట మడతపడుతుంది, కాళ్లు దగ్గరికి చేరిపోతాయి. మూడు రకాలుగా చెడ్డదే. ముడి వేశాక బిగించడానికి వీలుండదు, నడిచేకొద్దీ వదులవుతుంది. చీర ఉయ్యాలకూ ఇదే మాట. మీరు పక్కనే కూర్చుని కళ్లతో చూస్తూ పది నిమిషాలు ఊపితే వేరు, రాత్రి నిద్రకు మాత్రం వద్దు. మీ అత్తమ్మకు సంతోషం కలిగించే సంగతి కూడా ఉంది. ఆవిడ తరం పిల్లల్ని చంకనెత్తుకున్న తీరు, కాళ్లు నడుముకు అటూ ఇటూ వేసి, తుంటికి ఎంతో మంచిది. మెడ నిలిచాక మీ పాపనూ అలాగే ఎత్తుకోండి.

కాళ్లు తిన్నగా లాగి పొత్తిగుడ్డలో గట్టిగా చుట్టేయడం మాత్రం మానేయాలి. జపాన్‌లో 1970ల్లో పసిపిల్లల కాళ్లు చాచి చుట్టొద్దని దేశమంతా ప్రచారం చేశాక తుంటి జారే కేసులు బాగా తగ్గాయి. చేతుల వరకు చుట్టండి, నడుము కింద వదులుగా ఉంచండి. నీళ్లు పోసే ఆవిడకూ ఒక మాట చెప్పండి: కాళ్లు గుంజి చాచొద్దు, పాదాలు పట్టి తలకిందులుగా ఎత్తొద్దు, పాలు తాగిన గంట లోపు నూనె మర్దనా వద్దు. సాధారణంగా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేరు గనుక డాక్టరు చెప్పారని చెప్పేయండి.

ఇప్పుడు ఏది కొనాలో. మీరు తెప్పించిన క్యారియర్‌ను వెనక్కి పంపేయండి. మోకాళ్ల దాకా బట్ట రావడం లేదంటే దాని అడుగు పట్టీ ఇరుకు. తల వాలుతోందంటే నడుముకు ఆసరా చాలక బిడ్డ లోపల కుంగిపోతోంది. డబ్బా మీద 3.5 కిలోల నుంచి అని రాసి ఉండొచ్చు. ఆ అంకె ఒక్కటీ చూసి బిడ్డకు సరిపోతుందనుకోవద్దు. బకిల్ రకమే కావాలంటే అడుగు వెడల్పు తగ్గించి పెంచుకునే వీలున్నది చూడాలి. కొనేముందు బిడ్డను మీ ఛాతీ మీద ఆ కప్ప భంగిమలో పట్టుకుని, ఒక మోకాలి మడత నుంచి పిర్రల మీదుగా రెండో మోకాలి మడత దాకా టైలరు టేపుతో కొలవండి. క్యారియర్ అడుగు వెడల్పును ఆ కొలత దాకా తగ్గించుకునే వీలుండాలి. ఇరుకైతే కాళ్లు వేలాడతాయి. మరీ వెడల్పయితే మోకాళ్లు మడవలేక కాళ్లు పక్కలకు కర్రల్లా చాచుకుంటాయి, ఈ రెండో తప్పును చాలామంది గమనించరు. బిడ్డ ముఖం బయటికి తిప్పి కూర్చోబెట్టే వాడకం ఆరు నెలల దాకా తలపెట్టొద్దు. రిఫ్లక్స్ తగ్గని బిడ్డకు ఆ తర్వాత కూడా వద్దు. పట్టీ పొట్టను నొక్కుతుంది. పైగా బకిల్ క్యారియర్ నడుము బెల్టు సరిగ్గా మీ కుట్ల మీదికి వస్తుంది.

సాగే ర్యాప్ అని ఐదు మీటర్ల పొడవుండే టీషర్టు బట్ట దొరుకుతుంది. పసిబిడ్డను అంత ఒద్దికగా పట్టి ఉంచేది ఇంకోటి లేదు. నవజాత శిశు విభాగాల్లో తక్కువ బరువు పిల్లలను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో కట్టే బట్ట పనే ఇదీ చేస్తుంది. బెంగళూరులో ఉన్నవాళ్లకైతే ఇదే చెప్పేవాళ్లం. కానీ అది సురక్షితంగా ఉండాలంటే బిడ్డ మీద మూడు పొరలు రావాలి. 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో మూడు పొరల సాగే బట్టలో మీ ఇద్దరూ ఉడికిపోతారు.

కాబట్టి మీకు మా సలహా రింగ్ స్లింగ్, అంటే భుజం దగ్గర రెండు రింగుల్లోంచి బట్ట లాగి బిగించుకునే రకం. ఒకే పొర నేత నూలు, సాగనిది. నడుముకు ఏమీ ఉండదు కాబట్టి కుట్లకు ఒత్తిడి లేదు. పాలివ్వడానికి దింపి మళ్లీ బిగించడం అర నిమిషం పని. బరువంతా ఒకే భుజం మీద పడటం దీని లోపం. అందుకే ప్రతిసారీ భుజం మార్చాలి. రింగులు రెండూ అతుకు లేని అల్యూమినియంవి కావాలి, లోపలి వ్యాసం 6 నుంచి 7.5 సెంటీమీటర్లు. కర్టెన్ రింగులు, బ్యాగులకు వాడే ఇనుప రింగులు వద్దు. వెల్డింగ్ అతుకు ఎక్కడో ఒకచోట విచ్చుకుంటుంది లేదా బట్టను కోస్తుంది. బట్ట వెడల్పు 70 సెంటీమీటర్లకు తగ్గకూడదు, పొడవు రెండు మీటర్ల దగ్గర. గాంధీ రోడ్డులో బట్ట కొని కుట్టించుకోవచ్చు కదా అనిపిస్తుంది. రింగులు ఖచ్చితంగా స్లింగ్ కోసం చేసినవి దొరికితేనే. భుజం దగ్గర రింగుల్ని పట్టి ఉంచే మడతకు మూడు వరసల కుట్టు, పాలియెస్టర్ దారంతో వేయించాలి. బట్ట లుంగీ మందాన ఉండాలి. వెంకటగిరి నూలు చీరంత పల్చనైతే భుజంలోకి తాడులా దిగుతుంది, పట్టు రింగుల్లో జారిపోతుంది, జంపఖానా మందమైతే రింగుల్లో కదలదు. రింగుల్లో బట్ట తొడిగాక, 5 కిలోల బియ్యం మూట కూర్చోబెట్టి కాసేపు ఇంట్లో నడవండి. రింగులు జారితే ఆ స్లింగ్ బిడ్డకు పనికిరాదు.

కట్టుకునే తీరు మీద కొంచెం ఎక్కువ చెప్పాల్సి ఉంది, ఎందుకంటే మంచి స్లింగ్‌ను చెడగొట్టేది ఇక్కడే. ముందు బట్ట పై అంచుకు ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసుకోండి. ఏది పై అంచో ఏది కింది అంచో హడావుడిలో తెలియకపోతే మొత్తం తలకిందులవుతుంది. బట్ట చివరను రెండు రింగుల్లోంచీ కలిపి పైకి తీసి, వెనక్కి మడిచి పై రింగు మీదుగా కింది రింగు లోంచి లాగండి. రింగుల్లో బట్ట విసనకర్ర మడతల్లా పరుచుకోవాలి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే ఎంత లాగినా బిగవదు.

తలమీంచి వేసుకుని, రింగులు భుజం మీదే, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక కన్నా పైన ఉంచుకోండి. బిగించేకొద్దీ అవి కిందికి దిగుతాయి. మొదటే ఛాతీ దగ్గర ఉంచుకుంటే తర్వాత లాగడానికి చోటు ఉండదు. వీపు మీద బట్టను వెడల్పుగా పరిచి, బిడ్డ పట్టేంత చోటు మాత్రమే మిగిలేలా ముందే బిగించండి. వదులుగా పెట్టుకుని బిడ్డ ఎక్కాక బిగిద్దామనుకోవడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

రింగులు లేని భుజం మీద పాపను తేన్పు తీయించేటప్పటిలా ఎత్తి వేసుకోండి. ఒక చెయ్యి ఎప్పుడూ పాప వీపు మీదే. బట్ట లోపలి నుంచి రెండో చేత్తో పాదాలు అందుకుని మెల్లగా కిందికి జారనివ్వండి. ఇప్పుడు బట్ట కింది అంచును రెండు మోకాలి మడతల్లోకి తీసుకురండి. అదే అంచును జానెడు బట్టతో సహా మీ పొట్టకూ పాప పొట్టకూ మధ్యకు తోసేయండి. పాపకు పీట ఏర్పడేది ఇలాగే. పిర్రలు ఆ పీటలోకి దిగి మోకాళ్లు వాటంతట అవే పైకి లేస్తాయి. ఈ లోపలి బట్ట తక్కువైతే కాసేపటికి పిర్రలు కిందికి జారి, కాళ్లు వేలాడి, మొత్తం విప్పి మళ్లీ కట్టాల్సి వస్తుంది. పాదాలు బట్ట లోపల పిర్రల కింద మడతపడకుండా బయటికి ఉండాలి.

తర్వాత బిగించడం. పాప బరువును ఒక చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, రింగులోంచి వేలాడే బట్టలో పై అంచు పాయను లాగండి, తర్వాత కింది అంచు పాయ, చివర మధ్య పాయలు. బరువు ఎత్తకుండా లాగితే బట్ట కదలదు, మీరు బలం పెట్టి గుంజుతారు, కుట్లు నొప్పెడతాయి. పై అంచు గట్టిగా మెడ వెనక దాకా రావాలి. దాన్ని తల మీదికి లాగి కప్పేయొద్దు. కింది అంచును అతిగా బిగిస్తే పీట విప్పుకుని మోకాళ్లు దిగిపోతాయి, వదిలేస్తే పాప అడుగుకు జారుతుంది. చేత్తో తడిమితే మీ ఇద్దరి మధ్య వేళ్లు దూరేంత ఖాళీ కూడా ఉండకూడదు, పాప ఊపిరి మాత్రం సాఫీగా ఆడాలి.

ఆపైన చూసుకోవాల్సినవి: తల వంచితే పాప నడినెత్తిన ముద్దు పెట్టుకోగలగాలి, ముక్కూ నోరూ ఎప్పుడూ కనిపించాలి, గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, ఒక చెంప మీ ఛాతీకి ఆని ఉండాలి. మీరు కొంచెం ముందుకు వంగితే పాప మీ నుంచి దూరంగా వాలకూడదు. వాలితే పై అంచు వదులైనట్టే. ప్రతి పది నిమిషాలకూ ఒకసారి చూసుకోండి. గురకలా శబ్దం వస్తే గడ్డం దిగిందేమో చూడండి. జలుబు ఉన్నరోజు స్లింగ్ వద్దు.

పాలు తాగగానే స్లింగులో వేసి బిగిస్తే నిండుపొట్ట నలిగి కక్కేస్తుంది. పాలు పట్టి, తేన్పు తీయించి, పది పదిహేను నిమిషాలు భుజాన చేత్తోనే పట్టుకోండి, తర్వాత స్లింగు. డైపర్ నడుము పట్టీ వదులుగా ఉండాలి, దాని బిగింపు కూడా పాలను పైకి తోస్తుంది. స్లింగులో ఇరవై ముప్పై నిమిషాలు నిలువుగా ఉంటే చాలు. నిద్రపోతే పోనివ్వండి, మీరు మేలుకుని, నిటారుగా, చూస్తూ ఉన్నంతసేపే. ఆ తర్వాత మంచం మీద వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. రిఫ్లక్స్ ఉన్నా వెల్లకిలానే. బోర్లా వద్దు, తల వైపు ఎత్తు పెట్టిన పరుపూ వద్దు. అలాంటి వాలు మీద పిల్లలు కిందికి జారి మళ్లీ గడ్డం దిగే స్థితికే వస్తారు. స్లింగులో బిడ్డతో మీరు సోఫాలో వెనక్కి వాలి కునుకు తీయడం అన్నింటికన్నా ప్రమాదం. రాత్రి నిద్ర చాలని తల్లికి అది ఎంత తేలిగ్గా జరుగుతుందో తెలుసు కాబట్టే చెబుతున్నాం. మగత అనిపిస్తే పాపను వాళ్ల నాన్నకో నాయనమ్మకో ఇచ్చేయండి.

స్లింగులో ఉండగానే పాలివ్వడం ఇప్పుడే వద్దు. పాలు కక్కే బిడ్డకు అడ్డంగా వదులుగా ఉన్న భంగిమలో పొరబోయే ప్రమాదం ఉంది. తాలింపు పెట్టేటప్పుడు, దోసెలు పోసేటప్పుడు, వేడి కాఫీ చేతిలో ఉన్నప్పుడు స్లింగ్ విప్పేయాలి. కిందిది అందుకోవాలంటే నడుము వంచకుండా మోకాళ్ల మీద కూర్చోండి.

ఎండాకాలం స్లింగే ఒక జత బట్టలు అనుకోండి. లోపల డైపరు, పల్చటి జుబ్బా చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమటగా, వేడిగా ఉంటే విప్పేయాలి. చేతులు, పాదాలు చల్లగా ఉండటం పసిపిల్లల్లో మామూలే, వాటిని బట్టి లెక్కేయొద్దు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా బయట తిప్పొద్దు. పాప గడ్డానికీ మీ ఛాతీకీ మధ్య నలుచదరపు మల్ గుడ్డ ఒకటి పరిచి, అది ముఖం మీదికి రాకుండా చివరను స్లింగ్ పై అంచు కింద దోపండి. కక్కిన గుడ్డ వెంటనే మార్చాలి, లేకపోతే మెడ మడతల్లో పుండ్లు పడతాయి.

స్కూటర్ మీద స్లింగ్‌లో బిడ్డను తీసుకెళ్లడం మన ఊళ్లో రోజూ కనిపించే దృశ్యమే. చేయొద్దు. బండి జారితే మీ బరువంతా పాప మీదే పడుతుంది. 2022లో వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనలు నాలుగేళ్ల లోపు పిల్లలకు బండి మీద సేఫ్టీ హార్నెస్, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ కూడా ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని చెబుతాయి. రెండు మూడు నెలల పాపకు నిలిచే హెల్మెట్టే లేదు. కారులోనూ స్లింగు సీటుబెల్టుకు బదులు కాదు, పసిపిల్లల కారు సీటు వేరే.

కొండకు మూడో నెలలో వెళ్లడానికి అడ్డేమీ లేదు, తుంటి అల్ట్రాసౌండ్, టీకాలు అయ్యాక. అలిపిరి మెట్లు 3,550, స్లింగులో బిడ్డతో ఎక్కొద్దు. మెట్టు తప్పితే పట్టుకోవడానికి చేతులు ముందుకు పోవు, పాప మీదే పడతారు. మొక్కు మెట్లదైతే మీవారు ఎక్కి రావచ్చు, మీరు బస్సులో వెళ్లండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో పాలు ఎక్కువ కక్కుతారు కాబట్టి బయల్దేరడానికి ముప్పావు గంట ముందే పాలు పట్టడం ముగించండి. ఏడాది లోపు బిడ్డతో తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ మార్గం ద్వారా ప్రవేశం ఇస్తారు. వేళలూ అడిగే కాగితాలూ మారుతుంటాయి, వెళ్లేముందు కనుక్కోండి. వరసలో జనం నెట్టుకునే చోట ఒక చెయ్యి పాప ముఖం ముందు అడ్డంగా ఉంచండి. పైన చలిగా ఉంటే స్లింగు లోపల స్వెట్టర్ వేయకుండా, కట్టుకున్నాక మీ భుజాల మీంచి శాలువా కప్పండి, ముఖం తెరిచి ఉంచి. లోపల మందం పెరిగితే బిగింపు మోసం చేస్తుంది.

మొదటి వారం రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, పాప ఆకలిగా లేనప్పుడు, మంచం పక్కన నిలబడి కట్టుకోండి. మొదట్లో ఏడుస్తుంది. కట్టగానే ఆగకుండా నడవండి, నిలబడితే ఊరుకోదు. స్లింగ్‌ను వారానికి రెండుసార్లయినా ఉతకాల్సి వస్తుంది. కక్కిన పాలను ముందు చన్నీళ్లతో వదిలించాలి, వేడినీళ్లు పోస్తే మరక, వాసన పట్టేస్తాయి. మెషీన్‌లో వేస్తే రింగుల్ని ఒక సాక్సులో పెట్టి ముడి వేయండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, బట్ట రింగుల్లో జారడం మొదలవుతుంది. ఆరేసేటప్పుడు భుజం కుట్లు ఒకసారి వేలితో తడిమి చూసుకోండి. దారం ఒక్కటి లేచినా మళ్లీ కుట్టించేదాకా పక్కన పెట్టేయండి.